క్రేన్ బాబాయ్ పాసైన పరీక్ష

మా ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా ఓ టీ కొట్టు ఉంది. దాని ముందు ఒకటే బెంచీ. ఆ బెంచీ మీద క్రేన్ బాబాయ్ కూర్చున్నాడంటే మిగతావాళ్లం గ్లాసులు కింద పెట్టం, చేత్తోనే పట్టుకుంటాం. ఆయన మోకాలు ఊపుతుంటే టీ సగం బెంచీయే తాగేస్తుంది. కూర్చుంటాడు, లేస్తాడు, గేటు వైపు చూస్తాడు, మళ్లీ కూర్చుంటాడు.

షెడ్డు పైకప్పు కింద పట్టాల మీద తిరిగే పెద్ద క్రేన్‌ని ఏళ్ల తరబడి నడిపిన మనిషాయన. ఈమధ్య ఓ మధ్యాహ్నం పైన క్యాబిన్‌లో కునుకు పట్టింది. ఉక్కు రేకు చుట్ట ఒకటి అందరి నెత్తిన గాల్లో వేలాడుతూ ఉండిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఇంజనీరు ఆయన్ని కిందికి దింపి, స్టోరు కిటికీ దగ్గర నట్లూ బోల్టులూ ఇచ్చే పనిలో కూర్చోబెట్టాడు. వైద్యం చేయించుకుని, ఒంట్లో బాగుందని డాక్టరు చేత రాయించుకొస్తేనే మళ్లీ పైకి అన్నాడు. అప్పట్నుంచీ బాబాయ్‌కి నేల మీద కాలు నిలవడం లేదు. నోరు ఎప్పుడూ నిలిచింది కాదు.

ఆ సాయంత్రం షిఫ్టు దిగాక వెల్డరు ఏదో గొణిగాడు. పన్ను పీకించుకుంటే ఇన్సూరెన్సు వాళ్లు పైసా ఇవ్వలేదట.

"అడగడం రాక," అన్నాడు బాబాయ్, అప్పుడే కూర్చున్నవాడల్లా లేచి. "నేనూ అడిగాను. ఓ ఇంజెక్షన్. ఇచ్చారు. పెద్ద విషయమేం కాదులే."

"ఏం ఇంజెక్షన్ బాబాయ్?"

"టెస్టోస్టెరాన్."

"అంటే?"

"మగ హార్మోన్‌రా! మగవాడి ఒంట్లో దానంతటది ఊరే సరుకు. అది సరిగ్గా ఊరకపోతే సూదితో ఎక్కించాలి."

వెల్డరు గ్లాసులోకి నవ్వాడు. టీ కొట్టావిడ స్టవ్వు వైపు తిరిగిపోయింది గానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి.

"నవ్వండి, నవ్వండి. నవ్వే నోటికి బెల్లం పెట్టనక్కర్లేదు. ఇది కండల కోసం అనుకుంటున్నారా? మనిషి లేచి నిలబడ్డానికిరా! నేను డాక్టరమ్మ దగ్గరికి వెళ్లానా, వెళ్లి కూర్చున్నానా, మీ పిన్ని మొదలెట్టింది, 'ముద్ద చేతిలో ఉండగానే నిద్రపోతాడమ్మా, కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆయనతో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టే ఉంటుంది' అని. నేను కల్పించుకోలేదు, ఆడవాళ్ల మాటకి అడ్డురాను కదా నేను. డాక్టరమ్మ పొద్దున్నే రమ్మంది. ఆ సరుకు పొద్దున్నే నిండుగా ఉంటుందట, పొద్దెక్కేకొద్దీ దిగిపోతుందట. సరే, వెళ్లా, రక్తం ఇచ్చా, లెక్క వచ్చింది. అదీ... కాస్త... ఉండాల్సినంత కనపడలేదు అనుకో."

"తక్కువొచ్చిందా?" అన్నాను నేను. లారీలు తూకం వేసే కాటా దగ్గర నా ఉద్యోగం. ఎంత ఉందో చెప్పకపోతే నాకు మనసు ఆగదు.

"తక్కువని ఎవడన్నాడు?" బాబాయ్ నా మీదికి వచ్చినంత పని చేశాడు. "ఖర్చయింది! లేకపోవడం వేరు, ఖర్చు కావడం వేరు. వయసులో ఉండగా నేను దాన్ని మీలాగా దాచుకున్నానా? ఈ చేతులతో ఎత్తిన ఉక్కంతా కుప్పపోస్తే మీ ఇళ్ల మీద ఎండ పడదు. అంత ఎత్తినవాడికి ఖర్చు కాదూ?"

"ఎత్తింది క్రేన్ కదా," అన్నాడు వెల్డరు.

"క్రేన్‌ని ఎత్తింది ఎవడు? నోరు మూసుకుని విను. ఇన్సూరెన్సు వాళ్లకి ఫోన్ చేశా. ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది, ఆనక పాట పెట్టింది. ఎంతసేపని వింటాం? నేనూ గొంతు కలిపా. రాగం తీసి, మధ్యలో వాళ్లు మర్చిపోయిన చరణం కూడా అందుకున్నా. చివరికి ఒకమ్మాయి ఫోన్ ఎత్తి, 'సార్, పాడుతున్నది మీరా? ఆఫీసంతా పని ఆపేసి వింటున్నాం సార్' అంది."

"ఇంజెక్షన్ ఇస్తానందా?"

"ఇవ్వదుట! 'సార్, ఇది జబ్బు కాదు, వయసు. వయసుకి మేము డబ్బివ్వం' అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. 'ఏమ్మా, నా జీతంలోంచి నెలనెలా కోసుకునేటప్పుడు వయసు గుర్తు రాలేదా?' అన్నా. మళ్లీ పాట పెట్టేసింది. ఈసారి ఏడుపు పాట."

టీ కొట్టావిడ ఇంకో గ్లాసు అందించింది. బాబాయ్ అది అందుకుని తాగకుండా దాంతోనే గాల్లో గీతలు గీస్తూ, రోడ్డు వారకి నాలుగు అడుగులు వేసి వెనక్కి వచ్చాడు.

"ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? నేరుగా వాళ్ల ఆఫీసుకే పోయా. అద్దాల మేడ. లోపల నేల ఎంత నున్నగా ఉందంటే ఈగ వాలితే జారిపడుతోంది. తలుపు దగ్గర మిషన్ ఓ చీటీ కక్కింది. నంబరు పిలిచేదాకా కూర్చోమన్నారు. నేను కూర్చుంటానా?"

"కూర్చోవు," అన్నాం అందరం ఒక్కసారే.

"అదీ! వెళ్లి నా క్రేన్ తెచ్చా. హుక్కు దించా. మేనేజర్ని కుర్చీతో సహా, బల్లతో సహా, బల్ల మీద కాఫీ కప్పుతో సహా లేపా. చుక్క ఒలకలేదు! అది పనితనం. మేడ మీదికి తీసుకెళ్లి గాల్లో నిలబెట్టి, 'ఇప్పుడు చెప్పు నాయనా, వయసా, జబ్బా?' అన్నా."

"ఆగాగు," అన్నాడు వెల్డరు. "నీ క్రేన్ షెడ్డులో పట్టాల మీద కదా నడిచేది? ఆఫీసు దాకా ఎలా వచ్చింది?"

"పట్టాలు కూడా తెచ్చా."

"మరి పట్టాలని మోసే షెడ్డు?"

"షెడ్డెందుకు? ఆరోజు ఎండ లేదు."

మేం పగలబడి నవ్వుతుండగా సిగ్నలమ్మ వచ్చి మా వెనక నిలబడింది. ఆవిడ ఇదివరకు షెడ్డులో కింద నిలబడి, పైనున్న బాబాయ్‌కి చేతి సైగలతో ఎత్తమనీ ఆపమనీ దించమనీ చెప్పేది. క్రేన్ పనంతా ఆవిడకి నేర్పింది బాబాయే. ఇప్పుడు ఆయన క్యాబిన్‌లో ఆవిడే కూర్చుంటోంది. ఆ చప్పుడులో ఏళ్ల తరబడి పనిచేసి మాటలు తగ్గించుకుంది కాబోలు, పొదుపుగా మాట్లాడుతుంది. ఆ సాయంత్రం కూడా ఏమీ అనకుండా చెయ్యి చాపి, వేలు నేలకి చూపించి, గుండ్రంగా తిప్పింది. దించు అని.

"దించేది లేదమ్మాయ్!" అన్నాడు బాబాయ్, గొంతు ఇంకా పెంచి. "ఇంకా ఎత్తాలి. విను, నువ్వూ విను. మేనేజరు పైనుంచే చేతులు జోడించాడు. 'ఇస్తాం సార్, తప్పకుండా ఇస్తాం. కానీ ఒక్క పరీక్ష మీద ఇవ్వకూడదు, ఇంకో రోజు పొద్దున్న ఇంకో పరీక్ష చేయించాలి, అది రూలు' అన్నాడు. రెండో పరీక్ష! నన్నా పరీక్ష అడిగేది? చిన్నప్పుడు లెక్కల్లో తప్పితే మా మేనమామ కనపడ్డవాడికల్లా చెప్పుకొచ్చాడు. ఆరోజే ఒట్టు పెట్టుకున్నా, చస్తే ఇంకో పరీక్ష తప్పనని. ఇక చూస్కో, ముందురోజు చీకటి పడకముందే పడుకున్నా. గుడ్లు తిన్నా. పొద్దున్నే ల్యాబు దాకా పరుగెత్తుకుంటూ వెళ్లా. వెళ్లినవాడిని ఊరుకున్నానా? గుమ్మం బయటే దండీలు మొదలెట్టా. ఎన్ని అని అడక్కండి, దిష్టి తగుల్తుంది. నేల ఊగిపోయింది. లోపలున్న రోగులంతా భూకంపమని బయటికి పరుగెత్తుకొచ్చారు. మంచం మీద తీసుకొచ్చినవాళ్లు కూడా!"

"వాళ్ల జబ్బులు నయమైపోయాయన్నమాట."

"నయమయ్యాయి మరి! ల్యాబువాళ్లు నన్ను ఇవాళ్టికీ నష్టపరిహారం అడుగుతున్నారు. తర్వాత సూది గుచ్చారా, రక్తం దానంతటదే ఎగిరి సీసాలో దూకింది. మూత పెడితే మూత ఎగిరి ఫ్యానుకి తగిలింది. మిషన్లో పెడితే, పిచ్చుకలా కిచకిచమనే మిషను ఖంగుమని మగ గొంతుతో మోగింది. రక్తం తీసినమ్మాయి కంగారుగా పై పెదవి తడుముకుని చూసుకుంది."

"అమ్మో!"

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇన్సూరెన్సు ఛైర్మనే ఫోన్ చేశాడు. పాట లేదు, ఒకటి నొక్కడాల్లేవు! 'అయ్యా, తమకి మేం ఇంజెక్షన్ ఇవ్వడమేంటండీ, తమరే మాకివ్వాలి. మా దగ్గర డబ్బు కట్టిన మగాళ్లందరికీ తమ ఒంట్లోంచే సప్లయి చేయిస్తాం, ఊరంతా గొట్టాలు వేస్తాం' అన్నాడు. ఆలోచిస్తానని చెప్పా. రేపోమాపో మీ వీధులు తవ్వుతారు, గుంటల్లో పడి నన్ను తిట్టకండి. ఇక మన ఇంజనీరు సంగతంటారా, తన భుజాల మీద ఎక్కించుకుని క్యాబిన్ దాకా నిచ్చెన ఎక్కిస్తానన్నాడు. 'నా బరువు మోయలేవయ్యా, వద్దు' అని నేనే..."

"బాబాయ్, ఒక్క అనుమానం," అన్నాను. ఇంక ఆగలేకపోయాను. "సరుకు లేనివాడికి కదా ఇంజెక్షన్ ఇచ్చేది? రెండు పొద్దుల్లోనూ లేదని తేలితేనే కదా ఇచ్చేది? రెండోసారి నీకు పొంగి పొర్లిందంటున్నావు. పొర్లేవాడికి ఎవరిస్తారు?"

బాబాయ్ నోరు తెరిచాడు. "అదీ... గొట్టాలు వేస్తారు కదా..." అని ఆగిపోయాడు. గ్లాసులో చల్లారిన టీని గటగటా తాగేశాడు.

"బాబాయ్," అంది సిగ్నలమ్మ. "నీ రెండో పరీక్ష రోజునే మా అత్తని షుగరు పరీక్షకి తీసుకెళ్లాను. నేనూ ల్యాబులోనే ఉన్నాను."

"చూశావా మరి! భూకంపం..."

"దండీలు చూశాను. నాలుగు తీశావు. ఐదోదానికి లేవలేక మెట్టు పట్టుకుని కూర్చుండిపోయావు. నేను పలకరిస్తే సిగ్గుపడతావని పలకరించలేదు." ఆవిడ గొంతు పెంచలేదు. "ఇన్సూరెన్సు వాళ్లు పెట్టుకున్న గీతకి నీ లెక్క వెంట్రుక వాసి పైన వచ్చిందట. పిన్ని చెప్పింది. దాంతో వాళ్లు కుదరదన్నారు. సొంతంగా కొనుక్కుందామంటే మీ ఇంట్లో అంత వెసులుబాటు లేదు. తప్పితే వైద్యం దొరికే పరీక్ష అది. నువ్వు కష్టపడి పాసయ్యావు."

ఎవరూ నవ్వలేదు. అంతసేపూ ఆయన్ని ఎగదోసి వినోదం చూసినవాళ్లలో నేనూ ఉన్నాను.

"ఆ మొదటిసారి," అన్నాడు బాబాయ్ మెల్లగా, "అంతమంది ముందు నా లెక్క గట్టిగా చదివిందమ్మాయ్ ఆ ల్యాబు పిల్ల. కుర్చీల్లో అందరూ నా వైపు చూశారు. మగాడికి చదవాల్సిన మాటేనా అది?"

"మా అత్తకి షుగరు ఎక్కువని అంతకంటే గట్టిగా చదివారు. మా అత్త వెళ్లి దండీలు తీసిందా?"

టీ కొట్టావిడ కిసుక్కుమంది. బాబాయ్ కూడా నవ్వబోయి ఆపుకున్నాడు.

"విను," అంది సిగ్నలమ్మ. "డాక్టరమ్మ గట్టిగా అడిగితే ఇన్సూరెన్సు వాళ్లు ఇంకొక్క పరీక్ష చూస్తామన్నారట. రేపు పొద్దున్నే ల్యాబుకి రమ్మన్నారు. నువ్వేమో రానని పిన్ని మీద ఎగురుతున్నావట. ఈ వారం దాటితే ఆ క్యాబిన్ నాకే ఖాయం చేస్తానన్నాడు ఇంజనీరు. నాకు కావాలి బాబాయ్, అబద్ధమెందుకు? పైన కూర్చుంటే బాగుంది. నీకు నిజంగా చేతకాకపోతే సంతోషంగా తీసుకుంటా. కానీ నీ గొప్పల వల్ల నువ్వు పోగొట్టుకున్న కుర్చీలో కూర్చోలేను. నాకు పని నేర్పినవాడివి. రేపు పరుగెత్తకు, దండీలు తీయకు. నడిచి వెళ్లు, చెయ్యి చాపు. నీ ఒంట్లో ఎంతుంటే అంతే చూపించు. అడిగితే ఉన్నమాట చెప్పు. వాళ్లు కాదంటే అప్పుడు చూద్దాం."

బాబాయ్ బెంచీ మీద కూర్చున్నాడు. లేచాడు. గేటు వైపు చూశాడు. గేటు అవతల షెడ్డులో క్రేన్ కదులుతున్న చప్పుడు వినపడుతోంది, రెండో షిఫ్టు మొదలైంది. మళ్లీ కూర్చున్నాడు. ఏడుస్తాడేమోనని భయపడ్డాను.

"ఉన్నమాట చెప్పాలా?" అన్నాడు.

"చెప్పాలి."

"అందరి ముందూ?"

"అందరి ముందే."

బాబాయ్ పంచె ఎగ్గట్టినంత హడావిడిగా ప్యాంటు పైకి లాక్కుని, మా గ్లాసుల మధ్యలోంచి బెంచీ ఎక్కి నిలబడ్డాడు. రొమ్ము విరుచుకున్నాడు. వెల్డరు బెంచీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"అయితే వినండ్రా! నాకు తక్కువ! తక్కువంటే మీరనుకునే తక్కువ కాదు. మీ మొహాలకి ఎప్పుడైనా అంత తక్కువ వచ్చిందా? ఈ గేటు లోపల గానీ, బయట గానీ, నాకంటే తక్కువ ఉన్న మగాడెవడైనా ఉంటే రమ్మనండి, ఇక్కడే తేల్చుకుందాం!"

ఆ కేకకి వాచ్‌మన్ గేటు వదిలి రోడ్డు మధ్య దాకా వచ్చి చూశాడు. పోటీకి మాత్రం ఎవరూ రాలేదు.