వినడానికి మాత్రమే

పక్షిశాస్త్రం క్లాసులో అతను పరీక్ష రాసే విద్యార్థి. ఆమె మార్కులూ పరీక్షా లేకుండా విని వెళ్లే మనిషి. క్లాసు వదలగానే ఆ కొత్త పెళ్లికూతురు విసవిసా మెట్లు దిగింది. ఆమె సంచీ కూడా మోసుకుంటూ వెనకాలే మొగుడు.

“ప్రశ్న నాది, మార్కులు నీకా?”

“నువ్వే కదా గిల్లి మరీ అడిగించావు! వినడానికొచ్చినవాళ్లు నోరు విప్పకూడదన్నది నేనా, మాస్టారా?”

“సరే, కొమ్మ మీద నిద్రపోయే పక్షి కింద పడదేమని అడిగావు. ఆయన మురిసిపోయి, ‘నువ్వేమనుకుంటున్నావోయ్’ అంటే ఏం చెప్పావు?”

“అలవాటు సార్, అన్నాను.”

“అలవాటట! కాలు మడవగానే వేళ్లు వాటంతటవే బిగుసుకుంటాయని పక్కన గొణుగుతూనే ఉన్నాను కదా!”

“గిల్లిన నొప్పిలో వినపడలేదే. పోనీ, రేపు దానిమీదే మాట్లాడమన్నారుగా, సాయంత్రం నేర్పెయ్.”

“నేర్పను.”

“అందరిలో నా పరువు పోతుంది!”

“పరువు పోదు. పొద్దున్నే నీ గొంతు పోతుంది.”

“నా గొంతుకేం, గంటలా ఉంది.”

“పోతుందన్నానా! నువ్వు పక్కన నిలబడు, నీ బదులు నేను మాట్లాడతాను. ఆ మార్కులు నువ్వే ఉంచుకో.”

అతను ఆమె మొహంలోకి ఒకసారి చూసి, అప్పటినుంచే చిన్నగా దగ్గడం మొదలుపెట్టాడు.