మోకాలు గురువారం

(మేడాన్ నగరం. వీధివైపు గది: ఇల్లూ అదే, ఆఫీసూ అదే. ఊళ్లోని రోగుల్ని సముద్రం అవతల, పక్క దేశంలోని పెనాంగ్ ఆసుపత్రులకు పంపించే అహువాట్, ఆయన కూతురు ఎర్వినా. కాసేపట్లో పెనాంగ్‌లోని ఒక వైద్య కళాశాల వాళ్లు కంప్యూటర్ తెర మీద ఆమెను ఇంటర్వ్యూ చేయబోతున్నారు.)

"మళ్లీ మొదట్నించి. నేనిప్పుడు మీ నాన్నని కాదు, ప్రొఫెసర్ని. ఏమ్మా ఎర్వినా, మీ ఊళ్లోనే వైద్య కళాశాల ఉందిగా, సముద్రం దాటి మా దగ్గరికెందుకు?"

"సార్, మీ కళాశాలకి ఎంతో మంచి పేరుంది, అందుకని…"

"ఆపు. పొగడ్తతో మొదలుపెడితే ఎదుటివాడు జేబు తడుముకుంటాడు. అప్పు అడగబోతున్నావనుకుంటాడు."

"మరి దేంతో మొదలుపెట్టను?"

"లోటుతో. నా దగ్గరికొచ్చిన పార్టీకి నేను పెనాంగ్ గొప్ప చెప్తానా? చెప్పను. 'ఇక్కడ చూపించుకున్నారా? ఏమన్నారు? అంతేనా అన్నారు?' అని అడిగి ఓ నిట్టూర్పు విడుస్తాను. మిగతాదంతా వాళ్లే చెప్పుకుంటారు. టికెట్టూ వాళ్లే అడుగుతారు."

"అంటే మా ఊరి డాక్టర్లు పనికిరారని చెప్పమంటావు."

"పనికిరారు అనకు. నిట్టూర్చు, చాలు."

"తెర మీద నిట్టూర్పు వినపడదు నాన్నా."

"అయితే మాటల్లో పెట్టు. 'మా జనానికి మా డాక్టర్ల మీద నమ్మకం లేదు సార్, తలనొప్పికి కూడా విమానం ఎక్కుతారు' అను. అబద్ధమా?"

"నిజమే. ఆ తలనొప్పికి టికెట్టు కొనిచ్చేదెవరని అడిగితే?"

"అడగరు. అదుగో ఫోను. నువ్వే తియ్యి. ప్రొఫెసర్లు ఫోన్లు ఎత్తరు."

"ఇదేంటి, 'కిడ్నీ మంగళవారం' అని రాసుకున్నావు? ఆ మనిషికి పేరు లేదా?"

"పేరయితే పదిమందికి ఒకటే ఉంటుంది. కిడ్నీ మంగళవారం మాత్రం ఒక్కడే. తియ్యి, తియ్యి, ఆగిపోతుంది."

"హలో, అహువాట్ గారి ఆఫీసండీ. … నేను వాళ్లమ్మాయిని. … పరీక్షలకి పరగడుపునే వెళ్లాలండీ, నీళ్లు తాగొచ్చు. … పెనాంగ్ బిస్కట్లు తిరిగొచ్చేటప్పుడు కొనుక్కోవచ్చు అంకుల్, ముందు పరీక్షలు కానివ్వండి. … సరే, చెప్తాను. నాన్నా, వాళ్ల అత్తగారిని కూడా తీసుకొస్తాడట. ఆవిడకి జబ్బేమీ లేదట, ఎలాగూ వస్తున్నాం కదా అని చూపించుకుంటుందట."

"చూశావా? జబ్బు లేనివాళ్లూ వస్తారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా. ఆ ఒక్క మాట మీదే ఇన్నేళ్లూ మనింట్లో పొయ్యి వెలిగింది. సరే, రెండో ప్రశ్న. చదువయ్యాక ఏం చేస్తావు?"

"మా ఊరికి తిరిగొచ్చి మావాళ్లకి వైద్యం చేస్తాను సార్."

"బాగుంది. ఆ ముక్క కాలేజీలకి ఇష్టం. చెప్పు. చెప్పి అక్కడే ఉండిపో."

"అదేంటి?"

"లెక్క చూడు. అక్కడ చదివి ఇక్కడికొస్తే మళ్లీ ఇక్కడి పరీక్షలన్నీ రాయాలి. రాసి పాసయ్యావనుకో. అప్పుడు నువ్వెవరివి? మేడాన్ డాక్టరువి. నీ గడప ఎవడు తొక్కుతాడు? అదే అక్కడే ఉన్నావనుకో, వచ్చిన పార్టీకల్లా చెప్పుకుంటాను, 'మనమ్మాయే ఉందండీ అక్కడ, మన భాషే మాట్లాడుతుంది, భయపడకండి' అని."

"అంటే టికెట్టు, బస, నేను. అన్నీ కలిపి ఒకే ధర."

"ఆ వెటకారం ప్రొఫెసర్ దగ్గర చెయ్యకు. మూడోది. ఏ డాక్టర్ని చూసి నువ్వూ డాక్టరవ్వాలనుకున్నావు?"

"డాక్టర్ తియుర్మా గారిని చూసి."

"ఎవరు?"

"చేపల బజారు వెనక సందులో క్లినిక్కు ఉంది చూడు, ఆవిడ. బతాక్ తెగ ఆవిడ, వాళ్లందరిలాగే మామూలుగా మాట్లాడినా దెబ్బలాడుతున్నట్టే ఉంటుంది. నీకు తెలీదా?"

"నాకెలా తెలుస్తుంది? చేపల బజారుకి నేనెప్పుడు… చేపలు మీ అమ్మ కదా తెస్తుంది."

"దరఖాస్తు పెట్టాలంటే ఎవరో ఒక డాక్టరు దగ్గర కొన్నాళ్లు కూర్చుని పని చూడాలన్నారు కదా. పెనాంగ్‌లో నేను కుదురుస్తానన్నావు. కొత్త సంవత్సరం ముందు రద్దీ అన్నావు, తర్వాత అన్నావు. గడువు దగ్గరపడింది. నేనే వెళ్లి ఆవిణ్ణి అడిగాను."

"నాకొక్క మాట చెప్పలేదే?"

"చెప్తే నిట్టూర్చేవాడివి."

"సరే, సరే. అక్కడ ఏం చూశావేం, అంత గొప్పగా?"

"ఒకతను అరచేతిలో గాలం దిగబడి వచ్చాడు. తీస్తూ తీస్తూ ఆవిడ అతన్ని చేపల ధర అడిగింది. అతను ధర చెప్పేలోపు గాలం బయటికొచ్చేసింది. నొప్పి అని అరవడం కూడా మర్చిపోయాడు. ఇంకోసారి, ఏం జబ్బో ఆవిడకే తెలియలేదు. 'నాకు తెలియడం లేదు, తెలిసినవాళ్ల దగ్గరికి పంపిస్తాను' అని రోగి మొహం మీదే చెప్పింది. అలా చెప్పే డాక్టర్ని నేనింతవరకూ చూడలేదు."

"వ్యాపారం తెలియని మనిషి."

"ఇంకొకటి కూడా చూశాను. తెర వెనక కూర్చుని దూది ఉండలు చుడుతున్నాను. వెనక తలుపు తీసుకుని ఒకాయన వచ్చాడు. తల మీద హెల్మెట్. కూర్చున్నాక కూడా తియ్యలేదు."

"వాన పడుతోందేమో."

"లోపలా?"

"హెల్మెట్లు పెట్టుకున్నవాళ్లు ఈ ఊళ్లో లక్షమంది ఉంటారు."

"ఉంటారు. చక్కెర జబ్బు మాత్రకి డాక్టరుతో బేరమాడేవాళ్లు లక్షమంది ఉండరు నాన్నా. 'రోజుకొకటి అన్నారు, సగం వేసుకుంటే మిగతా సగం రేపటికి కలిసొస్తుంది కదా' అన్నాడాయన. ఆ గొంతు నేను పుట్టినప్పట్నుంచీ వింటున్నాను."

"కలిసొస్తుంది కదా మరి."

"ఆవిడేమందో చెప్పు."

"నువ్వు విన్నావుగా."

"నీ నోటితో చెప్పు."

"'సగం మాత్ర వేసుకుంటే సగం కాలే మిగులుతుంది, పైసగం కావాలో కిందసగం కావాలో ఇప్పుడే ఎంచుకో' అంది."

"పెనాంగ్‌లో అంతమంది డాక్టర్లు నిన్ను పేరు పెట్టి పిలుస్తారు. వాళ్లనొదిలేసి చేపల బజారు సందుకా?"

"చక్కెర జబ్బుకి కావలసింది నెలనెలా తిట్లు తల్లీ. తిట్టించుకోవడానికి ప్రతినెలా విమానం ఎక్కుతానా? పైగా వాళ్లు నన్ను తిట్టరు. నేను పార్టీలు తెచ్చేవాణ్ని. కాఫీ ఇస్తారు, అందులో చక్కెర కూడా వేసిస్తారు."

"అమ్మకి తెలుసా?"

"పెనాంగ్ మందులని చెప్పాను. అక్కడి బిస్కట్ డబ్బాలోనే పెడతాను. అంతసేపూ తెర వెనకే ఉన్నావా నువ్వు? ఒక్కసారి పిలవచ్చుగా."

"లేవబోతే ఆవిడ కళ్లతోనే ఆపేసింది. నువ్వెళ్లాక, 'రోగి గుట్టు రోగిదే, వాడు నీ తండ్రయినా సరే' అంది. ఇవాళ నువ్వు ఆ ప్రశ్న అడక్కపోతే నేనూ ఎత్తేదాన్ని కాదు."

"ఇంటర్వ్యూలో ఆవిడ పేరు ఎత్తకు ఎర్వినా. అక్కడ ప్రొఫెసర్లూ ఆసుపత్రుల డాక్టర్లూ ఒకళ్లే. అహువాట్ తన ఒంటికి మాత్రం మేడాన్ మందు వాడతాడని తెలిసిందా, దుకాణం మూసుకోవాలి."

"ఆ భయం అక్కర్లేదు. నేను ఇక్కడి కాలేజీ పరీక్ష కూడా రాశాను. సీటొచ్చింది. సాయంత్రంలోగా చేరతానో లేదో చెప్పాలి."

"ఏ కాలేజీ? ఇక్కడిదా? ఈ ఊళ్లోదా?"

"ఈ ఊళ్లోదే. తియుర్మా గారు చదివిందే. ఇప్పుడు పిలిచేవాళ్లతో మర్యాదకి నాలుగు మాటలు మాట్లాడి, క్షమించండి, నేను రావడం లేదని చెప్పేస్తాను. నువ్వు నమ్ముకున్న డాక్టరు ఇక్కడ చదివిన మనిషే కదా. ఇంకేం కావాలి?"

"నేను నమ్మితే ఏం లాభం? నేను చాటున నమ్మాను. నీ దగ్గరికెవరూ రారు తల్లీ. నేను శాపం పెట్టడం లేదు, సరుకు సంగతి చెప్తున్నాను. పెళ్లిళ్లకెళ్లి నిట్టూర్చాను, చావులకెళ్లి నిట్టూర్చాను. ఈ ఊరి డాక్టరంటే ఈ ఊరు మొహం తిప్పుకునేలా చేసినవాణ్ని నేనే. రేపు అదే ఊళ్లో నీకు బోర్డు కట్టి, రండి రండి అంటే వస్తారా?"

"నువ్వొస్తావుగా."

"హెల్మెట్ పెట్టుకునా?"

"నీ ఇష్టం. వెనక తలుపు తీసే ఉంచుతాను."

"నవ్వులాట కాదు."

"నేనూ నవ్వడం లేదు. అదుగో, ఫోను. 'మోకాలు గురువారం'."

"అది తియ్యకు."

"ఎందుకని?"

"తర్వాత నేను మాట్లాడుకుంటాను. ఇటివ్వు."

"ప్రొఫెసర్లు ఫోన్లు ఎత్తరుగా. హలో, అహువాట్ గారి ఆఫీసండీ. … ఉన్నారు, పనిలో ఉన్నారు, నాతో చెప్పండి. … అవునండీ, గురువారమే. … చక్రాల కుర్చీ చెప్పమంటారా, పట్టుకుంటే నడవగలరా? … ఎవరూ? … డాక్టరు గారూ, మీరా? … నేను, ఎర్వినాని. … లేదండీ. … లేదండీ, నేనేమీ అనుకోవడం లేదు. … ఎవరితోనూ అనను. రోగి గుట్టు రోగిదే, మీరే కదా నేర్పారు. … అలాగే. వెనక తలుపు నుంచే రండి."

"తియ్యకన్నాను కదా."

"ఎన్నాళ్లుగా?"

"మోకాలు ఈమధ్యనే. అంతకుముందు కన్ను."

"నీకు మాత్రలు ఆవిడ ఇస్తుంది. ఆవిడకి టికెట్లు నువ్విస్తావు."

"నా దగ్గర ఆవిడ ఫీజు తీసుకోదు, ఆవిడ దగ్గర నేను తీసుకోను. శుభ్రమైన లెక్క."

"ఈ ఊళ్లో మోకాళ్లు చూసేవాళ్లు లేరా? ఆవిడతో చదువుకున్నవాళ్లే ఎంతోమంది ఉండి ఉంటారు."

"ఉన్నారు. వాళ్లూ మన పార్టీలే. ఒకాయన నడుము, ఇంకొకాయన గుండె."

"ఎందుకిలా అని ఒక్కసారన్నా అడిగావా వాళ్లని?"

"వ్యాపారంలో ఎందుకని అడగం తల్లీ. ఎప్పుడని అడుగుతాం. … అదేదో మోగుతోంది."

"వాళ్లే. పిలుస్తున్నారు."

"మరి ఏం చేస్తావు? మర్యాదకి నాలుగు మాటలు మాట్లాడి పెట్టేస్తావా?"

"కుర్చీ పక్కకి జరుపుకో నాన్నా, తెర మీద నీ భుజం కనిపిస్తోంది. … నమస్కారం సార్."

"నమస్కారం ఎర్వినా. నా మాట వినిపిస్తోందా? మంచిది. సూటిగా ఒకటి అడుగుతాను. మీ ఊళ్లోనే వైద్య కళాశాల ఉంది కదా. సముద్రం దాటి మా దగ్గరికి ఎందుకు రావాలనుకుంటున్నావు?"

"మా ఊళ్లో ఒక డాక్టరున్నారు సార్. పేరు చెప్పకూడదు. అంత మంచి డాక్టర్ని నేను ఇంకొకరిని చూడలేదు. ఆవిడకి జబ్బు చేస్తే మాత్రం ఆవిడ కూడా మీ ఊరే వస్తారు, ఎవరి కంటా పడకుండా. 'ఎందుకని?' అని ఇంతవరకూ మా ఊళ్లో ఎవరూ అడగలేదు. అడుగుదామని వస్తున్నాను."