మూడు బకెట్ల నీళ్ళు

హలో… ఆ, నేనే అక్కా, కల్యాణిని. మనవరాలు పడుకుందా?… సరే, నేనూ నెమ్మదిగానే మాట్లాడతాను. మా నీలిమ పక్క గదిలోనే ఉంది.

…లేదు లేదు, మీ మరిది బాగానే ఉన్నారు. ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. అది కాదక్కా… మీ డాబా మీద నీలిమ తెల్లగుడ్డ కట్టింది కదా— ఆ, అదే! బావగారు ‘జెండానా’ అని వెక్కిరించారే, అదే. నిన్న అన్నీ విప్పి తెచ్చింది.

…మూడు. మీ గుఢియారీది ఒకటి, ఆరంగ్‌లో మన చెల్లి నళిని వాళ్ళది ఒకటి, ఇక్కడ భన్‌పురిలో మాది.

ఎందుకా? వాళ్ళ స్కూల్లో పన్నెండో క్లాసు వాళ్ళు తలా ఒక పెద్ద వ్యాసం రాయాలట. సొంతంగా వెతికి, సొంతంగా కొలిచి. టీచరు కూడా చెయ్యి పెట్టకూడదు. సోమవారం ఇవ్వకపోతే సర్టిఫికెట్టే రాదు… ఫీజు లేకుండా దొరికిన సీటు అక్కా, నీకు తెలుసుగా.

మసి మీద రాస్తోంది… మసే! ఏ పేటలో ఎంత పడుతుందో అని. లోకంలో ఇన్ని సంగతులుండగా దీనికి అదే దొరికింది. మా కాపురమే ఆ ఇనుము కంపెనీ పొగ గొట్టం కింద. ఉండేది వాళ్ళ క్వార్టరు.

…అడిగారు కాబట్టే భయం. ‘బేటీ గుడ్డలు కట్టి ఏం కొలుస్తోంది?’ అని సూపర్‌వైజరు మీ మరిదిని గేటు దగ్గర ఆపాడట. నవ్వుతూనే అడిగాడట. నవ్వుతూ అడిగితేనే కదా భయం!

అందుకని… పొద్దున్న అది స్కూలుకెళ్ళగానే మూడు గుడ్డలూ ఉతికేశాను.

…అరవకు, పాప లేస్తుంది.

ఏడిస్తే బాగుండేది. ఏడవలేదు. సాయంత్రం వచ్చి గుడ్డల్ని చూసింది, నన్ను చూసింది, బాత్‌రూంలోకి వెళ్ళింది. ఉతికిన నీళ్ళు నేనెప్పుడు పారబోశాను చెప్పు? ట్యాంకరొస్తేనే మాకు నీళ్ళు. కడగడానికి పనికొస్తాయని బకెట్లలోనే ఉంచాను. ‘అమ్మా, మూడు బకెట్లెందుకు?’ అంది.

…ఎలా కలుపుతానక్కా! నళిని మామగారు పోయి ఇంకా మైల తీరలేదు. మీ ఇంట్లో పురుడు… అయ్యో, మీ ఇంటిని ఏమన్నాను? అమ్మ మనందరికీ నేర్పిందేగా. నువ్వు మాత్రం కలుపుతావా?… మరి!

కలపలేదని విని గెంతులేసింది. మసంతా నీళ్ళలోనే ఉందట, వడగట్టి ఆరబెడితే తూకానికి వస్తుందట. ఏ సబ్బు, ఎంత వేశావు, ఎన్నిసార్లు జాడించావు… పోలీసు నయం! చివరికి ఏ బకెట్లో ఎవరింటి గుడ్డ ఉతికావో చెప్పమంది.

…చెప్పలేదు. గుర్తులేదన్నాను.

…ఎందుకు గుర్తుండదు? ఎర్రది మాది, నీలంది మీది, పాత పెయింటు డబ్బా నళిని వాళ్ళది. చెబితే ఆయన నౌకరీ, చెప్పకపోతే దీని చదువు. రెండు చేతుల్లో ఏది నరుక్కోమంటావు?

…తిట్టడమా? అది తిట్టినా బాగుండేది. ‘మా అమ్మ పొరపాటున ఉతికింది’ అని వ్యాసంలో రాసిందట, నన్నెవరూ ఏమీ అనకుండా. చదివి వినిపించింది కూడా. పొరపాటట అక్కా…

ఏమే?… ఉండక్కా, వచ్చింది. ఏదో పట్టుకొచ్చింది… వడగట్టిన గుడ్డ. ఇటు చూపించు… ఇది దేన్లోది? ఎర్రదాన్లోదా?

అక్కా, పెనం అడుగులా ఉంది. చేత్తో తీస్తే ముద్దొస్తోంది. ఈ డాబా మీదే కదా నేను వడియాలు పెట్టేది… ఆయన చొక్కాలు, దీని యూనిఫాం… రాత్రంతా ఆయన దగ్గు…

మనదేనే నీలూ. ఎర్రది మనది. నీలంది పెద్దమ్మ వాళ్ళది, డబ్బా నళిని పిన్ని వాళ్ళది. రాసుకో… ఆగు, ఇంకోటి. ఆ ‘పొరపాటున’ అన్నది కొట్టెయ్. భయపడి ఉతికిందని రాయి… ఊఁ. మీ అమ్మే. అలా చూడకు, పో.

…చెప్పేశానక్కా. ధైర్యమా, నా మొహం! ఇప్పుడు ఆయనకేం చెప్పను?… అలా కాదు, మాటలు చెప్పు, ఏ మాటతో మొదలు పెట్టమంటావు?… అదిగో, గేటు దగ్గర బండి ఆగింది. దగ్గు వినబడుతోంది. ఉంటానక్కా—