పడవెక్కిన పరుపు

“తాతా, మా కాలేజీవాళ్ళం రెండ్రోజులు తెరచాప పడవలో పోతున్నాం కదా. ఈ బొంత పెట్టుకోనా, తీసెయ్యనా? అమ్మ పెట్టుకోమని ఒకటే గొడవ.”

బొంతా? ఉండుండు, కళ్ళజోడు పెట్టుకోనీ. ఆ సంచి ఇట్టా మంచం మీదికి తే. అబ్బో! ఏంది రేష్మా ఇది, కాలేజీ పిల్లలు పడవలో పోతున్నారా, కాపరానికి పోతున్నారా? రెండు జతల చెప్పులు. అద్దం. పచ్చడి సీసా... అది ఉండనీ, పండుమిరప పచ్చడి లేకుండా మనం ఏడకీ పోలేం. దాని కింద... ఆ, బొంత. మీ అమ్మ చేతి కుట్టే. నా కూతురు కదా, తెలుస్తానే ఉంది. మనింట్లో ఈ జబ్బు మూడు తరాల నించీ ఉంది తల్లీ, పడవెక్కేవాళ్ళకి దూది కట్టివ్వటం.

నవ్వుతావేం? కూర్చో, చెప్తా. ఈ కథ బళ్ళో ముప్ఫై ఏళ్ళు చెప్పాను నేను. “అనగనగా ఒక తెలివితక్కువ బాటసారి” అని మొదలుపెట్టేవాణ్ణి. పిల్లకాయలు పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ బాటసారి సుద్దముక్క పట్టుకుని వాళ్ళ ముందే నిలబడి ఉన్నాడని ఒక్కరికీ తెలీదు. మీ అమ్మక్కూడా చెప్పలా.

మా నాయన్ని నువ్వు చూళ్ళేదు గానీ, ఆయన పొదిలిలో దూది ఏకేవాడు. భుజాన పొడుగాటి విల్లు, చేతిలో కొయ్యగుండు. వీధి మొగదల నిలబడి నారి మీద ఒక్క దెబ్బ వేస్తే టంయ్ మని మోగేది. ఆడవాళ్ళు ఉండకట్టిన పరుపులు మోసుకుని బయటికొచ్చేవాళ్ళు. ఊళ్ళో సగంమంది మా నాయన కుట్టిన పరుపుల మీదే పడుకునేవాళ్ళనుకో. మరి మేము? చాప. ఈతాకు చాప. అది కూడా మీ ముత్తవ్వ హుస్సేనమ్మ నాలుగుచోట్ల గుడ్డ వేసి కుట్టిన చాప.

అట్టాంటి ఇంట్లో నాకు మేష్టరుద్యోగం వచ్చింది. ఏడ వచ్చింది? నిజాంపట్నం అవతల, సముద్రప్పాయల మధ్యలో ఒక దిబ్బ మీద ఊరు. ఇప్పుడు దానికి వంతెన పడింది, కార్లు పోతన్నాయి. అప్పట్లో పడవే. గాలి కుదిరితే మూడు గంటలు, కుదరకపోతే దేవుడి దయ. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు చేరి సంతకం పెట్టకపోతే, ఆ ఉద్యోగం జాబితాలో నా వెనకాలవాడికి పోద్దని ఆర్డర్లో రాశారు. మా ఇంట్లో చదువుకున్నవాళ్ళలోనే నేను మొదటివాణ్ణి. ఇంక ఉద్యోగం సంగతి చెప్పాలా?

నేను బుధవారం... కాదు, మంగళవారం, మంగళవారమే బయల్దేరతానన్నా. నాయన కదలనివ్వలా.

“పరుపు అయిందాకా ఆగరా.”

“ఏం పరుపు నాయనా?”

“నీ పరుపు. పరాయి ఊళ్ళో మేష్టరు చాప మీద పడుకుంటే, మీ నాయన ఏం పని చేస్తాడయ్యా అని అడగరా ఎవరైనా?”

నన్ను నేల మీద పడుకోబెట్టాడు. బొగ్గు తీసుకుని నా చుట్టూ గీత గీశాడు, పొడుగూ వెడల్పూ తేడా రాకుండా. మంచి దూది తెచ్చాడు. అప్పట్లో దూది ఇప్పటంత పిరెం కాదులే, అయినా మాకు పిరెమే. రెండు పగళ్ళు ఏకాడు. ఆ గదిలో దూదిపింజలు ఎగురుతుంటే మా చెల్లెలు తుమ్మీ తుమ్మీ ముక్కు ఎర్రగా చేసుకుంది. ఎర్రచారల గట్టి బట్ట, దగ్గర దగ్గర కుట్టు. మా ఇంటికని ఆయన కుట్టిన మొదటి పరుపు అది. అయిపోయాక దాని మీద చెయ్యి పెట్టి ఒక్కసారి నొక్కి, చుట్ట వెలిగించుకున్నాడు.

దాంతో గురువారం సాయంత్రానికి గానీ కదలలేకపోయా. ఒంగోలు, బాపట్ల, ఆణ్ణించి రేవు. శుక్రవారం మధ్యాన్నానికి పడవ దగ్గరున్నా. ట్రంకు పెట్టె, సజ్జ రొట్టెల మూట, పచ్చడి జాడీ, మంచినీళ్ళ కుండ... పొదిలోళ్ళం కదా, నీటికరువు తెలిసినోళ్ళం, నీళ్ళ మధ్యకి పోతా కూడా నీళ్ళు మోసుకుపోతాం, అది మాత్రం మంచి పనే, చుట్టూ ఉప్పునీళ్ళేగా. వీటన్నిటి మీదా పరుపు.

పడవాయన పేరు పోలయ్య. నల్లగా, చింతమొద్దులాగా ఉండేవాడు. పడవ చూస్తే మన వంటింటి పొడుగు కూడా లేదు. నా సామాను చూసి తలగుడ్డ తీసి బుర్ర గోక్కున్నాడు.

“మేష్టారూ, ఇది పడవండీ. ఎడ్లబండనుకున్నారా?”

“బరువేం లేదు పోలయ్యా, దూది. ఎత్తి చూడు.”

ఎత్తి చూశాడు. “తేలిగ్గానే ఉంది. అదేనండీ నా భయం. బరువైంది ఎంత బరువో ముందే చెప్తది. తేలికైంది నీళ్ళలోకి పోయాక గానీ చెప్పదు.”

నేను చదువుకున్నవాణ్ణి కదా. దూదికీ ఇనుముకీ తేడా పడవాడు నాకు చెప్పటమేంటని నవ్వుకున్నా. పైగా పరుపుని పడవ ముక్కులో పరుచుకుని, దాని మీద జమీందారులాగా కూర్చున్నా.

తెరచాప ఎత్తాడు. మొదటి గంట ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మెట్టప్రాంతంలో పుట్టినవాణ్ణి, అంత నీళ్ళు ఒకచోట ఎప్పుడు చూశా? తర్వాత గాలి పెరిగింది. పడవ ముక్కు కింద అల పగిలి నా మీద చిందుతుంది. పడవన్నాక అడుగున కాసిని నీళ్ళు ఊరతానే ఉంటాయి, పోలయ్య డబ్బాతో తోడి పోస్తుండేవాడు. ఉన్నట్టుండి ఆ డబ్బా పక్కన పడేశాడు.

“ఏందండీ, తోడటానికి నీళ్ళే లేవు?”

“మంచిదేగా” అన్నా నేను.

“మంచిదెట్టా అవుద్దండీ? ఊరిన నీళ్ళు ఏడకి పోయినట్టు?”

నా కిందికి పోయినయ్. మా నాయన అంత బాగా ఏకిన దూది, తల్లీ, ఒక్క చుక్క వదల్లా. లేచి చూద్దును గదా, పరుపు చూడిగేదెలాగా ఉబ్బి పడుకోనుంది. పడవ ముక్కు నీళ్ళలోకి వంగింది. అల లోపలికి వస్తే ఆ నీళ్ళు కూడా అదే తాగుతుంది. ఇద్దరం కలిసి లేపబోయాం, కదల్లా. ఒక పక్కకి లాగితే పడవే ఒరిగిపోతుంది.

పోలయ్య చుక్కాని పట్టుకుని నింపాదిగా చెప్పాడు. “రెండే దార్లండీ. అదుగో ఆ ఇసకమేట మీదికి ఎక్కించి, ఈ దున్నపోతుని ఎండేసుకుని, రేపు పోదాం. లేదూ, ఈ కత్తితో పొట్ట కోసి, లోపలిది గుప్పెడు గుప్పెడు తీసి పారెయ్యండి. ఐదింటికి చేరుస్తా.”

రేపు పోతే ఉద్యోగం పోద్ది. కత్తి పెడితే నాయన రెండు పగళ్ళ పని పోద్ది. కత్తి చేతిలో పట్టుకుని ఎంతసేపున్నానో. చివరికి బట్ట కొయ్యకుండా కుట్టు కోశా. ఒక్కో కుట్టూ. మా నాయన అంత దగ్గరగా వేసిన కుట్టుని తిట్టుకుంటా, ఏడుస్తా కోశా. దూది తీసి నీళ్ళలో వేస్తుంటే, పడవ వెనకాల తెల్లగా కొంగల బారులాగా తేలుకుంటా పోయింది. ముక్కు మెల్లగా పైకి లేచింది. ఖాళీ బట్ట పిండి, మడిచి, ట్రంకు పెట్టెలో పెట్టుకున్నా.

ఐదింటికి పది నిమిషాలుందనగా బళ్ళోకి పోయా. హెడ్మాష్టరు గారు నన్ను కిందనించి పైదాకా చూసి “ఈదుకుంటా వచ్చారా?” అన్నారు. నేను సంతకం పెడితే, చెయ్యి తడికి సిరా అలుక్కుపోయి పేరు కాకిపిల్లలాగా తయారైంది. పెద్దాయన నవ్వి, దాని పక్కన ‘వేళకే వచ్చారు’ అని రాసుకున్నారు.

ఇంతవరకే బళ్ళో చెప్పేవాణ్ణి. మిగతాది చెప్పలేదు.

ఆ బట్టలో వరిగడ్డి కూరి పడుకున్నా. నాయనకి నిజం ఎట్టా రాసేది? పదిహేను రోజులకో కార్డు రాసేవాణ్ణి, మా చెల్లెలు చదివి వినిపించేది. ప్రతి కార్డులోనూ చివర్న ఒకటే మాట. “నాయనా, పరుపు మెత్తగా ఉంది, తెచ్చిననాడు ఎట్టా ఉందో ఇప్పుడూ అట్టాగే ఉంది.”

ఆరు నెలలైంది. ఒక ఆదివారం పోలయ్య పడవలోంచి మా నాయన దిగాడు! చేతిలో ఏమీ లేదు. కొడుకు దగ్గరికి వస్తా ఒట్టి చేతులతో వచ్చే మనిషి కాదాయన. నిజం తెలిసే వచ్చాడనుకుని నేను పోలయ్య వంక ఉరిమి చూశా. “మీ తోడండీ, నేను నోరు మెదపలేదు” అన్నాడు పాపం.

నాయన ఇంట్లోకొచ్చాడు, పరుపు మీద కూర్చున్నాడు. గడ్డి కరకరలాడింది. ఒక్కసారి చేత్తో నొక్కాడు.

“నీకు ఎవరు చెప్పారు నాయనా?”

“నువ్వే చెప్పావు గదరా, కార్డు కార్డుకీ. ఆరు నెలలు ఉప్పుగాలి తగిలినా ఉండకట్టని దూది ఈ లోకంలో ఉందా? నా దగ్గరా నీ అబద్ధాలు!”

అప్పుడు మొత్తం చెప్పేశా. కత్తీ, కుట్టూ, కొంగల బారూ. తిడతాడనుకున్నా. ఆయన కాసేపు ఆ ఎర్రచారల బట్ట నిమురుతా కూర్చున్నాడు. “తప్పు నాదేలేరా మస్తానూ. నీ వీపు కొలిచా గానీ, పడవని కొలవలా” అన్నాడు. అని జేబులోంచి తీశాడు, దబ్బనం, దారపుండ. ఆ రెండే తెచ్చుకున్నాడు ఆ మనిషి, అంత దూరం.

ఆ దిబ్బ మీద దూది ఏడుంది? కొబ్బరి పీచుంది. దాన్ని నానేసి, దంచి, ఎండేసి, చేత్తో విడదీశాడు. “ఇది నీళ్ళు తాగదురా” అని పసిపిల్లాడిలాగా సంబరపడ్డాడు. ఆ వయసులో మా నాయన కొత్త పాఠం నేర్చుకున్నాడు. ఆ పరుపు మీద ఆరేళ్ళు పడుకున్నా. గుచ్చుకునేది, నిజం చెప్పాలంటే. అయినా నిద్ర పట్టేది.

ఏం చెప్తన్నా... ఆ, బొంత. తీసెయ్ తల్లీ. దళసరి చొక్కా ఒకటి, ఎండకి టోపీ, నీళ్ళు, రొట్టెలు, పచ్చడి, చాలు. అన్నీ ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించు. బరువైంది అడుగున, మధ్యలో పెట్టు. పడవ నడిపేవాళ్ళు చదువుకోలేదని నవ్వమాకు.

బొంత ఇట్టా నా కాళ్ళ మీద పరిచిపో, నాకు చలిగా ఉంది. గాలి నీ వీపున ఉండాలి, నీళ్ళు పడవ కిందే ఉండాలి, చల్లగా పోయిరా.

మీ అమ్మ ఫోన్ చేసి అడుగుద్ది చూడు, బొంత సరిపోయిందా అని. తాత కప్పుకున్నాడని చెప్పు. మెత్తగా ఉందని మాత్రం చెప్పమాకు.