మెరక మీది ఇండ్లు

ఏమడిగినవ్ దీప్తీ, రత్నకుమార్ సంగతా? నీ ప్రాజెక్టు గూడ వరదకు పోయిన ఊరిని మల్ల కట్టుడు మీదనే అంటివి గదా. నడువు, తార్నాక దాక చెప్పుకుంట పోదాం. జర మెల్లగ, మోకాళ్లు గుంజుతున్నయ్. ఆయన, నేను గీ యూనివర్సిటీలనే ఒక్క డిపార్ట్‌మెంటుల పాఠాలు చెప్పినం. కోస్తా మనిషి. చర్చిల పాడితే... ఆఁ, అది వేరే ముచ్చట. వాళ్ల దిక్కు తుఫానుకు వాగు పొంగి చిన్న టౌను సగం కొట్టుకపోయింది. ఈయన సెలవు పెట్టి పోయి, మెరక మీద ఇండ్లు కట్టిచ్చిండు. గా ఊరి మట్టితోనే ఇటుకలు, గా ఊరి సున్నమే, ఇంటింటికి వాన నీళ్ల తొట్టి. వాగు ఒడ్డుకు చెట్లు. జనమే కట్టుకున్నరు. అయినా ఆ ఊరు నిలవలే.

మరి ఎట్ల ఖరాబయిందంటవా? బస్సు, బిడ్డా. బస్సు కిందికెల్లి పోతది. బడి, దవాఖాన, కిరాణం, అన్నీ మల్ల కిందనే, వాగు పక్కన పాత జాగలనే లేసినయ్. ఎస్తేరు అని ఈయన చిన్నమ్మ బిడ్డ, ఇడ్లీ బండి పెట్టుకున్నది, మొగడు లేడు. మొదలు దిగింది ఆమెనే. ఈయన పోయి బతిమిలాడిండు. "అన్నయ్యా, నువ్వు కట్టిన ఇల్లు చల్లగానే ఉంది. అక్కడ నా ఇడ్లీ ఎవరు తింటారు? పిల్లల్నెట్టా పెంచను?" అన్నదట. పైకి బస్సు ఎయ్యమని ఆఫీసులల్ల తిరిగిండు. "ఆ కాసిని ఇళ్లకి బస్సేంటి సార్" అన్నరు. ఒక్కొక్కలే అందరు దిగిన్రు.

మల్ల వాన వచ్చింది. వాగూ వచ్చింది. ఎస్తేరు పోయింది, ఇద్దరు పిల్లలు పోయిన్రు. చిన్నోడైతే దొరకనే లేదు. పైన ఇండ్లకు మాత్రం తడి గూడ తాకలే.

ఊరికెల్లి తిరిగొచ్చినంక క్లాసుకు పోయిండు. బోర్డు మీద వాగు గీత గీసి, చాక్‌పీసు పట్టుకొని అట్లనే నిలవడ్డడు. పిల్లలు సూసి సూసి లేచిపోయిన్రు. మల్ల క్లాసుకు పోనే లేదు. "నీ తప్పేమున్నదయ్యా" అంటి నేను. "ఇడ్లీ ఎవరు తింటారని ఆవిడ అడిగింది నరహరి గారూ. ఆ మాట ఇటుక పెట్టకముందే నేనడగాలి" అన్నడు. తార్నాకల కిరాయి రూముల, ఆ ఏడే పోయిండు. గుండె అన్నరు.

ఇప్పుడా? కిందనే కడుతున్నరంట, వాగు ఒడ్డుకే, కాంక్రీటుతోని. పైన ఇండ్ల తలుపులు, దర్వాజ చౌకట్లు పీక్కపోయి గాడ పెట్టుకుంటున్నరంట. ఎస్తేరు ఇంటివి గూడ...

సైడుకు రా బిడ్డా, గీ సిగ్నల్‌కాడ ఎవడు ఆగడు.