నడిదిబ్బ మీది పిలుపు

కృష్ణ నడుమ ఆ దిబ్బ మీద ఒంటరి చింత కనపడుతోందా? చూశారుగా, ఇక చూపు ఇటు తిప్పండి. పొద్దు వాలాక దాని కింద నిలబడే మొగాడు మన ఎడ్లరేవులో లేడు. ఎందుకు లేడో చెబుతాను, ఆ పిల్లని కాస్త దగ్గరికి లాక్కో అమ్మాయ్.

అప్పట్లో ఇవతలి గట్టు తెల్లదొరలది, అవతలి గట్టు నైజాముది. ఏటికి అటూ ఇటూ పోలీసులే. ఉప్పు అటు దాటించారని వీళ్ళూ, పొగాకు ఇటు దాటించారని వాళ్ళూ, పొద్దు గూకితే చాలు ఒడ్డున నిలబడి మనవాళ్ళని పేరు పెట్టి పిలిచేవాళ్ళు. పలికాడా, చేతులకి బేడీలే. అట్లా మనూరికి పేరు పెట్టి పిలిస్తే పలకని జబ్బు పట్టుకుంది. పోలీసు పిలిచినా పలకరు, దెయ్యం పిలిచినా పలకరు. రెంటికీ పెద్ద తేడా ఉందా ఏంటి?

ఆ రేవులో అంకన్న అని ఒకడు పుట్టి వేసేవాడు. పుట్టంటే తెలుసుగా, తోలు కప్పిన పెద్ద గంపలాంటి పడవ. వాడి పెళ్ళాం సైదమ్మ చంటాణ్ణి చంకనేసుకుని అవతలి గట్టున పుట్టింటికి పోయింది. అక్కడ బిడ్డకి జ్వరం ముదిరింది, వైద్యుడేమో ఇవతల ఉన్నాడాయె, అందుకని అనుకున్న నాటికన్నా ముందే బయల్దేరింది. ఎండాకాలం అవతలి పాయ మోకాటి లోతే, అందరూ నడుచుకుంటూ దిబ్బ మీదికొచ్చి, చింత కింద నిలబడి పుట్టికోసం కేకేసేవాళ్ళు. ఇవతలి పాయ మాత్రం నిలువు లోతు. ఆమె దిబ్బ ఎక్కిందో లేదో, పైన ఎక్కడో కురిసిన వాన వరదై వచ్చి వెనక దారి మూసేసింది.

“ఏమయ్యోవ్” అని అరిచింది. ఊళ్ళో పెళ్ళాలందరూ మొగుళ్ళని అట్లాగే పిలుస్తారాయె, అందులో గాలి హోరు, ఎవరు పట్టించుకుంటారు? నీళ్ళు పాదాలకొచ్చాయి, నడుముకొచ్చాయి. అప్పుడిక సిగ్గూ ఆచారం పక్కనపెట్టి, పెళ్ళయినప్పట్నించీ నోట రానివ్వని మొగుడి పేరెత్తి, “అంకన్నా! ఓ అంకన్నా!” అని గొంతు చించుకుంది.

అంకన్న విన్నాడు. ఆమె గొంతేనని పోల్చుకున్నాడు కూడా. తెడ్డు చేతికి తీసుకుని, అక్కడే ఆగాడు. సైదమ్మ పుట్టింట్లో ఉందాయె, పైగా చచ్చినా తన పేరు పలకదే, ఇది ఆమె గొంతు పెట్టుకొచ్చిన దెయ్యమే అనుకున్నాడు. ఇంట్లోకి పోయి గడియ పెట్టి చెవులు మూసుకున్నాడు. గుండె పీకుతూనే ఉంది, అయినా లేవలేదు. కాసేపటికి కేక ఆగింది. అమ్మయ్య అనుకున్నాడు, పాపిష్టివాడు.

తెల్లారి చూస్తే చింత కొమ్మకి చీరతో కట్టిన మూట. మూటలో బిడ్డ, ఒళ్ళు కాలిపోతోంది గాని బతికే ఉన్నాడు. సైదమ్మ లేదు. అంకన్న ఆ చీర మొహానికి అదుముకుని ఏడ్చిన ఏడుపు రెండు గట్లకీ వినపడిందంటారు.

అప్పట్నించీ ఏరు పొంగిన ప్రతి సాయంత్రం దిబ్బ మీంచి అదే కేక. అంకన్న “వస్తున్నానే, వస్తున్నా” అంటూ పుట్టి వేసుకుని పోయేవాడు, ఒంటరిగా తిరిగొచ్చేవాడు. ఒకనాడు పుట్టి ఒక్కటే తిరిగొచ్చింది. కేక మాత్రం ఇప్పటికీ ఆగలేదు, పొద్దు వాలాక ఆ చింత కింద నిలబడ్డ మొగాడికల్లా తన పెళ్ళామే తనని పేరు పెట్టి పిలిచినట్టు వినపడుతుందంటారు.

అందుకే మనూళ్ళో కొత్త కోడలు అడుగు పెట్టగానే అత్త రేవుకి తీసుకొచ్చి మొగుణ్ణి పేరు పెట్టి పిలిపిస్తుంది, వాడు పలికితీరాలి. పక్కూళ్ళవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

అటు మాత్రం పోకండ్రా. పోక తప్పకపోతే, ముందు ఇంటికి పోయి, మీ పేరు పెళ్ళాం నోట ఎట్లా ఉంటుందో ఓసారి విని మరీ పోండి.