మిగిలిపోయిన ముక్క

ఆ సంజాయిషీ రాయడం ఆపు వదినా. పెన్ను అక్కడ పెట్టు. ఏడుగురి అపాయింట్‌మెంట్లు కౌంటర్లో కూర్చుని నువ్వే చెరిపేశావని మీ ఆసుపత్రివాళ్ళు అంటే, ఒప్పుకుని సంతకం పెట్టేస్తావా? చేతులారా ఉద్యోగం పోగొట్టుకుంటావా?

ఉండు, చెప్పనివ్వు. నా పనేమిటి? వెబ్‌సైట్లలో దొంగలు దూరే కన్నాలు వెతకడం. ఆర్నెల్లుగా ఒకటే విద్య నేర్చుకుంటున్నా. చాలా సైట్లకి ముందొక సర్వరు, లోపలొకటి ఉంటాయి. మనం బటన్ నొక్కితే వెళ్ళే రిక్వెస్ట్ ఎక్కడ ముగిసిందో ముందుది ఒక లెక్కన చూసి, లోపలిది ఇంకో లెక్కన చూసిందనుకో, చివర ఓ ముక్క మిగిలిపోతుంది. అది లోపలే కూర్చుని, తర్వాత వచ్చినవాళ్ళ రిక్వెస్ట్ నెత్తికి అతుక్కుంటుంది. పాపం, వాళ్ళడిగింది గాల్లో కలిసిపోతుంది.

నేర్చుకునేవాళ్ళ కోసం పెట్టిన సాధన సైట్లో అయితే భయమేముంది? ముందు వచ్చేదీ నేనే, తర్వాత వచ్చేదీ నేనే. రెండోది పంపగానే తలాతోకా లేని జవాబు వచ్చేది, ముక్క అతుక్కుందన్నమాటే అని ఎగిరి గంతేసేవాణ్ణి.

ఆఁ, అక్కడికే వస్తున్నా. మీ ఆసుపత్రి సైట్‌ని పరీక్షించే పని మా కంపెనీదే. పరీక్షల కోసం అచ్చం దానిలాగే కట్టిన నకలు సైట్ మీదే చెయ్యమన్నారు. ఆ నకలుకి ముందు సర్వరే లేదు, ఇంక నా విద్య ఎక్కడ చూపించను? సోమవారం పొద్దున, తగుదునమ్మా అని, ఎవరికీ చెప్పకుండా అసలు సైట్ మీదే మొదలుపెట్టాను.

ముక్క పంపాను. వెనకే నా రెండో రిక్వెస్ట్ పంపాను. జవాబు శుభ్రంగా వచ్చింది. ఓహో, పనిచెయ్యలేదు కాబోలనుకుని మళ్ళీ పంపాను. అలా పదకొండుసార్లు.

అర్థమైందా? పనిచెయ్యక కాదు వదినా. నా రెండోది చేరేలోపు ప్రతిసారీ ఎవరో ఒకరు మధ్యలో దూరారు, ముక్క వాళ్ళకి అతుక్కుంది. ఆ పదకొండుమందిలో ఏడుగురు అప్పుడే అపాయింట్‌మెంట్ కోసం నొక్కినవాళ్ళు. వాళ్ళకి మొదటి పేజీ కనబడి ఉంటుంది, నమోదైపోయిందనుకుని ఫోన్ జేబులో పెట్టుకుని ఉంటారు. స్కానింగ్‌కని వచ్చి, పేరు లేదంటే నీ కౌంటరు దగ్గరే కూలబడ్డాడే, ఆ పెద్దాయన కూడా వాళ్ళలో ఒకడు. నేను పంపిన టైములూ, సైట్ చిట్టాలో వాళ్ళు వచ్చిన టైములూ సరిచూసుకున్నాను, సెకన్లతో సహా.

అలా చూడకు. తిట్టు, పడతాను. మా మేనేజరుకీ మీ ఆఫీసుకీ అంతా రాసి ఇందాకే పంపేశాను. నా ఉద్యోగం పోతే పోనీ.

ఇంకోటుంది. అది చెప్పడానికే నోరు రావడం లేదు.

ఇదంతా నాకు ఇవాళ తెలిసింది కాదు. మంగళవారమే తెలుసు. బుధవారం నువ్వు ఏడుస్తుంటే పక్కనే కూర్చుని, "బాగా గుర్తు తెచ్చుకో వదినా, నువ్వే ఎక్కడో నొక్కి ఉంటావు" అన్నానే, అన్నీ తెలిసే అన్నాను.